‘వారానికి మూడు రోజులు’ అని మెయిల్ పెడితే సరిపోదు: హైబ్రిడ్ పని సరిగ్గా నడిపే పద్ధతి

‘వచ్చే నెల నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి’ అని హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. జనం ఎల్బీ నగర్ నుంచి, ఉప్పల్ నుంచి బయల్దేరి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరతారు. సీట్లో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకుని వీడియో కాల్‌లో చేరతారు. టీమ్‌లో సగం మంది ఆ రోజు ఇంట్లోనే ఉంటారు. ఇంటి నుంచి చేయగలిగిన పనినే దారి ఖర్చు పెట్టుకుని ఆఫీసులో చేసినట్టవుతుంది.

హైబ్రిడ్ పనిలో, అంటే కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు అన్న పద్ధతిలో, ఎన్ని రోజులు అన్నది చివర్లో తేల్చాల్సిన సంగతి. ఏ పని కోసం రావాలి, ఎవరితో కలిసి రావాలి, మిగిలిన పని రాతలో ఎలా సాగాలి అన్నవి ముందు తేలాలి. హైదరాబాద్‌లో 20 నుంచి 100 మంది ఉండే సాఫ్ట్‌వేర్, బ్యాక్ ఆఫీస్ టీమ్‌లను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాం. విశాఖ, విజయవాడ, వరంగల్ నుంచి పనిచేసేవాళ్లున్న టీమ్‌లకూ ఇదే వరస వర్తిస్తుంది.

## 1. ముందు రెండు వారాల లెక్క రాయండి

విధానం రాయడానికి ముందు ప్రతి ఒక్కరూ పది పని దినాల పాటు రోజూ చివరి ఐదు నిమిషాల్లో మూడు గడులు నింపాలి: ఏ పని చేశాను, ఎవరి అవసరం పడింది, ఎంతసేపు పట్టింది. పేరుకు ఒక వరస చొప్పున ఒకే షీట్ చాలు. గంటల నిఘా కోసం ఇది చేయడం లేదని మేనేజర్ మొదటి రోజే చెప్పాలి. లేకపోతే అందరూ ‘8 గంటలు, ప్రాజెక్ట్ పని’ అని రాసి వదిలేస్తారు.

తర్వాత ఆ పనులను నాలుగు కుప్పలు చేయండి.

- ఒంటరి పని: కోడింగ్, టెస్ట్ కేసులు, రిపోర్టులు, ఇన్‌వాయిస్ సరిచూడటం. ఇల్లు ప్రశాంతంగా ఉంటే ఇంటి నుంచే మేలు.
- కలిసి బుర్ర పెట్టే పని: డిజైన్, ప్రొడక్షన్‌లో పదేపదే వచ్చే లోపం మూలం వెతకడం, స్ప్రింట్ ప్లానింగ్ (వచ్చే కొన్ని వారాల పని వేసుకోవడం). ఆఫీసు రోజు దీనికోసమే.
- నేర్పే పని: ఫ్రెషర్ల శిక్షణ, కొత్త మాడ్యూల్ అప్పగింత. ఆఫీసులోనే.
- సమాచారం చెప్పే పని: స్టేటస్ కాల్స్, అప్‌డేట్లు. వీటికి ఆఫీసూ అక్కర్లేదు, కాలూ అక్కర్లేదు. రాస్తే సరిపోతుంది.

రెండు, మూడో కుప్పల గంటలు కూడండి. అవి మనిషికి వారానికి పది గంటల లోపే ఉంటే ఆ టీమ్‌కు రెండు ఆఫీసు రోజులు చాలు, మూడో రోజు ఎందుకో మేనేజ్‌మెంట్ కారణం చెప్పగలగాలి. ఇరవై దాటితే మూడు రోజులు న్యాయమే.

## 2. రోజులు టీమ్ ఎంచుకోవాలి, మనిషి కాదు

అందరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ‘ఏవైనా మూడు రోజులు రండి’ అంటే వినడానికి స్వేచ్ఛలా ఉంటుంది. టెస్టర్ సోమవారం వస్తారు, డెవలపర్ మంగళవారం వస్తారు, లీడ్ గురువారం వస్తారు. ముగ్గురి స్వైప్ లెక్క (కార్డు గీస్తే నమోదయ్యే హాజరు) సరిపోతుంది, ముగ్గురూ ఒక్క గంట కూడా ఎదురెదురుగా కూర్చోరు.

ప్రతి టీమ్‌కు రెండు ఉమ్మడి రోజులు పెట్టండి. మూడో రోజు ఉంటే అది మనిషి ఇష్టం. ఉమ్మడి రోజులు వేసేటప్పుడు ఎవరి మీద ఎవరు ఆధారపడి ఉన్నారో చూడండి. ఎ, బి, సి అని 20 మంది చొప్పున మూడు టీమ్‌లు ఉన్నాయనుకోండి. ఎ పని బి కి వెళ్తుంది, బి పని సి కి వెళ్తుంది.

- ఎ టీమ్: సోమ, మంగళ
- బి టీమ్: మంగళ, బుధ
- సి టీమ్: బుధ, గురు

ఎ, బి టీమ్‌లు మంగళవారం కలుస్తాయి. బి, సి బుధవారం కలుస్తాయి. ఎ, సి టీమ్‌ల మధ్య రోజువారీ పని లేదు కాబట్టి మూడు నెలలకోసారి అందరినీ ఒక రోజు పిలిస్తే చాలు.

దీంతో సీట్ల లెక్క కూడా తేలుతుంది. 60 మంది, మూడు రోజులు అంటే వారానికి 180 సీటు-రోజులు. ఐదుతో భాగిస్తే 36. చాలామంది ఇక్కడే ఆగిపోయి 36 సీట్లు పెట్టేస్తారు, మంగళవారం జనం క్యాంటీన్ బల్లల మీద లాప్‌టాప్ తెరుస్తారు. సీట్లు సగటు రోజుకు కాదు, అందరికంటే ఎక్కువమంది వచ్చే రోజుకు సరిపోవాలి. పై పట్టికలో మంగళ, బుధవారాల్లో 40 మంది చొప్పున వస్తారు. 45 సీట్లు పెట్టి, మూడో రోజును సోమ, గురు, శుక్రవారాల్లో బుకింగ్ మీద ఇవ్వండి. సోమవారం 25, గురువారం 25, శుక్రవారం 45, మొత్తం 95 ఖాళీలు ఉంటాయి. కావలసినవి 60. అరవై సీట్ల చోట నలభై అయిదుతో, ఎవరూ నిలబడకుండా పని నడుస్తుంది.

వేళల సంగతి. ఉమ్మడి రోజున 11 నుంచి 4 వరకు అందరూ ఉంటే చాలు. రావడానికి, పోవడానికి అటూ ఇటూ వెసులుబాటు ఇస్తే ట్రాఫిక్ తప్పుతుంది. ఎల్బీ నగర్ వైపు వాళ్లు మెట్రోలో అమీర్‌పేట దగ్గర మారి రాయదుర్గం వరకు రాగలరు. అక్కడి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరడమే కష్టం. కంపెనీకి రవాణా మీద పెట్టే డబ్బు కొంచెమే ఉంటే ముందు ఆ చివరి కిలోమీటర్ల షటిల్ మీద పెట్టండి.

అమెరికా క్లయింట్ ఉన్నవాళ్లకు ఇంకో లెక్క ఉంది. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా మనకు సాయంత్రం 6:30. మిగిలిన నెలల్లో 7:30. ఆఫీసు రోజున ఈ కాల్ కోసం ఎవరినీ సీట్లో కూర్చోబెట్టకండి. నాలుగు గంటలకు బయల్దేరి, ఇంటికి చేరి, టీ తాగి కాల్‌లో చేరనివ్వండి. ఉదయం పదికి వచ్చి రాత్రి తొమ్మిదికి వెళ్లే మనిషి మూడో వారానికల్లా ఆఫీసు రోజు సెలవు అడగడం మొదలుపెడతాడు. ఆ తప్పు అతనిది కాదు.

## 3. ఒక్క పేజీ ఒప్పందం

కంపెనీ విధానం పది పేజీలున్నా సరే, టీమ్‌కు ఒక పేజీ వేరుగా ఉండాలి. టీమ్ అంతా కూర్చుని గంటలో రాసేయవచ్చు. నింపిన పేజీ ఇలా ఉంటుంది.

- ఉమ్మడి రోజులు: మంగళ, బుధ. 11 నుంచి 4 వరకు.
- ఆ రోజు పనులు: మంగళవారం ప్లానింగ్, ఎ టీమ్ నుంచి అప్పగింత. బుధవారం డిజైన్ చర్చ, ఫ్రెషర్ల గంట.
- అందరూ దొరికే వేళ: మిగతా రోజుల్లో 11 నుంచి 1 వరకు, 3 నుంచి 5 వరకు.
- జవాబు గడువు: చాట్‌కు రెండు గంటలు, మెయిల్‌కు ఒక పని దినం. అర్జెంటైతే ఫోన్ చేయాలి. చాట్‌లో ‘అర్జెంట్’ అని రాసి ఊరుకోకూడదు.
- రాత్రి 8 తర్వాత: ఆన్ కాల్‌లో, అంటే అత్యవసర పనికి వంతులో ఉన్నవాళ్లకే ఫోన్. మిగతావాళ్లు మెసేజ్ మర్నాడు చూస్తే చాలు.
- రోజు మార్పు: ఉమ్మడి రోజు రాలేకపోతే ముందురోజు సాయంత్రం 6 లోగా గ్రూపులో చెప్పాలి. కారణం చెప్పక్కర్లేదు. నెలకు రెండుసార్లు దాటితే లీడ్‌తో మాట్లాడాలి.
- మళ్లీ చూసే తేదీ: మూడు నెలల తర్వాత.

‘కారణం చెప్పక్కర్లేదు’ అన్న వాక్యం తీసేయాలని ఏ మేనేజర్‌కైనా అనిపిస్తుంది. తీయకండి. కారణం అడిగే చోట జనం అబద్ధపు జ్వరాలు నేర్చుకుంటారు.

## 4. ఇంటి ఏర్పాటు

కరెంటు. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోతే ఆగేది వైఫై. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉన్నా ఈ ఇబ్బంది తప్పదు. అది అందుకునే లోపు పది ఇరవై సెకన్లు పోతాయి, ఫైబర్ పెట్టె ఆరిపోయి మళ్లీ లేచి నెట్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. సరిగ్గా క్లయింట్ ప్రశ్న అడిగినప్పుడే మీరు కాల్ నుంచి మాయమవుతారు.

దీనికి రౌటర్‌కు పెట్టే మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా రౌటర్‌ను నడిపే చిన్న బ్యాటరీ పెట్టె, మంచి మందు. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి: ఎక్కువగా 12 వోల్టులు, 1 లేదా 1.5 లేదా 2 ఆంపియర్లు అని ఉంటుంది. వోల్టులు అచ్చంగా సరిపోవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు ఇస్తే కాలిపోవచ్చు. ఫైబర్ పెట్టె, రౌటర్ వేర్వేరుగా ఉంటే రెండు అవుట్‌పుట్‌లు ఉన్నది తీసుకోండి. ఎంతసేపు వస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు: 10,000 ఎంఏహెచ్ బ్యాటరీని 3.7 వోల్టులతో గుణిస్తే 37 వాట్-అవర్లు. నష్టం పోను 31 చేతికి వస్తాయి. రౌటర్ 10 వాట్లు తాగితే మూడు గంటలు.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో దాని వెనుకో పక్కనో యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అనే స్విచ్ ఉందేమో చూడండి. యూపీఎస్ మోడ్‌లో కరెంటు త్వరగా మారుతుంది, చాలా రౌటర్లు ఆరిపోవు.

నెట్. రెండో దారి తప్పనిసరి, అది వేరే కంపెనీది కావాలి. బ్రాడ్‌బ్యాండ్, మొబైల్ రెండూ ఒకే కంపెనీవైతే రోడ్డు తవ్వకంలో కేబుల్ తెగినప్పుడు రెండూ పోయే ప్రమాదం ఉంది. హాట్‌స్పాట్ పెట్టి, మీరు కూర్చునే గదిలోనే, తలుపు మూసి ఒక కాల్ చేసి చూడండి. బాల్కనీలో వచ్చే సిగ్నల్ లెక్కలోకి రాదు. రౌటర్ వేరే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటలేక నీరసిస్తుంది. కుదిరితే క్యాట్ 6 కేబుల్ లాగండి.

బల్ల, కుర్చీ. బల్ల ఎత్తు 72 నుంచి 75 సెంటీమీటర్లు. పాదాలు నేలకు ఆనాలి, మోచేయి బల్ల ఎత్తుకు రావాలి. స్క్రీన్ పై అంచు కంటి ఎత్తులో, చేతి దూరంలో ఉండాలి. లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు, వేరే కీబోర్డు, మౌస్ పెట్టుకుంటే ఖర్చు తక్కువలో అయిపోతుంది. డైనింగ్ కుర్చీ ఎత్తు మారదు కాబట్టి రోజూ ఎనిమిది గంటలు దాని మీద పని చేయకండి. కంపెనీలు ఒక్కసారి ఇచ్చే సాయం ఏదైనా ఉంటే ముందు కుర్చీకి, తర్వాత మినీ యూపీఎస్‌కు ఇవ్వాలి.

ఇంట్లో మనుషులు. ‘ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాస్ బండ వస్తే తీసుకో’ అన్న మాట అందరికీ ఎదురయ్యేదే. ఆడవాళ్లకు ఇది వంట, పిల్లల బడి, పెద్దవాళ్ల మందుల దాకా పోయి రోజు రెండు ఉద్యోగాలవుతుంది. కాల్ వేళలు కాగితం మీద రాసి తలుపుకు అంటించడం మామూలుగా కనిపించినా పనిచేస్తుంది. నోటిమాటగా చెప్పింది సాయంత్రానికి మరుగున పడుతుంది.

పీజీల్లో ముగ్గురితో గది పంచుకునే ఫ్రెషర్‌కు ఇంటి నుంచి పని అంటే మంచం మీద పని. వాళ్లు ఐదు రోజులూ ఆఫీసుకు వస్తామంటే సీటు ఇవ్వండి, ‘నీకు మూడు రోజులే’ అనకండి.

- రౌటర్‌కు మినీ యూపీఎస్, వోల్టులు సరిచూసినది
- వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్, గదిలో పరీక్షించినది
- మైక్ ఉన్న హెడ్‌సెట్
- వేరే కీబోర్డు, మౌస్, ఎత్తు మారే కుర్చీ
- వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కు సురక్షిత దారి) హాట్‌స్పాట్ మీద కూడా కలుస్తోందని ఒకసారి చూసుకోవడం
- తలుపు మీద కాల్ వేళలు

## 5. మీటింగ్ గది

గదిలో ఆరుగురు, తెరమీద ఇద్దరు ఉన్న మీటింగ్ అన్నిటికంటే కష్టమైనది. గదిలో వాళ్లు నవ్వుకుంటారు, బోర్డు మీద గీస్తారు, బయటి ఇద్దరికీ ఏమీ అందదు. వీలైన చోట ఒకే నియమం పెట్టండి: ఒక్కరు ఆన్‌లైన్‌లో ఉన్నా అందరూ తమ లాప్‌టాప్‌లోంచే చేరాలి. అప్పుడు గదిలో ఒక్క మైక్, ఒక్క స్పీకర్ మాత్రమే తెరిచి మిగతావన్నీ మూయాలి. రెండు తెరిచి ఉంటే కీచుమనే ప్రతిధ్వని వస్తుంది. మైక్‌కు ఆరడుగుల కంటే దూరంగా ఎవరూ కూర్చోవద్దు. బోర్డు బదులు అందరూ చూడగల షేర్డ్ పేజీ వాడండి.

ప్రశ్న వేసినప్పుడు ముందు తెరమీద ఉన్నవాళ్లను అడగండి, తర్వాత గదిని. ఈ చిన్న క్రమం మారిస్తే వైజాగ్ నుంచి చేరిన మనిషి గొంతు వినిపిస్తుంది.

## 6. రాత పని

టీమ్‌లో సగం మంది కళ్ల ముందు లేనప్పుడు మాటల్లో చెప్పింది ఎక్కడా మిగలదు. రెండు అలవాట్లు చాలు.

అప్పగింత నోట్. రోజు చివర ‘చిన్న ఇష్యూ ఉంది, రేపు మాట్లాడదాం’ అని మెసేజ్ పెడితే అవతలి మనిషికి రేపు ఉదయమంతా వృథా అవుతుంది. అదే ఇలా రాస్తే:

‘రీఫండ్ టికెట్. 14 కేసుల్లో 12 పాస్. ఆగినవి రెండు, రెండూ యూపీఐ రీఫండ్‌వే. టైమ్‌అవుట్ 30 సెకన్ల నుంచి 60కి పెంచి చూశాను, తేడా లేదు. లాగ్ లింక్ కింద ఉంది. మళ్లీ ప్రయత్నించే కోడ్ అసలు నడుస్తోందా లేదా అన్నది బ్యాకెండ్ లీడ్ గారు చూసి చెప్పాలి. రేపు మధ్యాహ్నం 12 లోగా కావాలి, 2 గంటలకు క్లయింట్ డెమో ఉంది.’

రాయడానికి నాలుగు నిమిషాలు. ఇందులో ఐదు ఉన్నాయి: ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగింది, ఇప్పటికే ఏం చేసి చూశారు, ఎవరి నుంచి ఏం కావాలి, ఎప్పటికి. ఎక్కువమంది వదిలేసేది మూడోది. అది లేకపోతే అవతలి మనిషి అదే టైమ్‌అవుట్ మళ్లీ పెంచి చూస్తాడు.

నిర్ణయాల పుస్తకం. టీమ్‌కు ఒక్కటే పేజీ. తేదీ, ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎవరు చేస్తారు. క్యాంటీన్‌లో టీ తాగుతూ తేల్చుకున్నదైనా సరే, ఆ సాయంత్రంలోగా ఇందులో పడాలి. పడనిది నిర్ణయం కాదని టీమ్ అంతా ఒప్పుకోవాలి. ఆఫీసులో ఉన్నవాళ్లకే అన్నీ తెలుస్తాయన్న బాధ తగ్గడానికి ఇంతకంటే సులువైన మార్గం లేదు.

వారంలో రెండు స్టాండప్‌లను (రోజువారీ చిన్న టీమ్ మీటింగులను) రాతలోకి మార్చి చూడండి. పదిమంది టీమ్‌కు అరగంట స్టాండప్ అంటే ఐదు మనిషి-గంటలు.

## 7. అప్రైజల్, ఫ్రెషర్లు

కళ్ల ముందు కూర్చున్నవాళ్లకు హైక్, ఇంట్లో ఉన్నవాళ్లకు ‘మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్’ అనే మామూలు రేటింగ్. ఈ అనుమానం ఒక్కసారి పాకితే ఏ విధానమూ నిలవదు. స్వైప్ రిపోర్టును అప్రైజల్ షీట్ దగ్గరికే రానివ్వకండి. ఏం పూర్తయింది, ఎంత నాణ్యతతో, ఇతరులకు ఎంత సాయపడ్డారు అన్నవి చూడండి. రేటింగులు ఇచ్చాక ఆఫీసుకు ఎక్కువ వచ్చేవాళ్లవి, తక్కువ వచ్చేవాళ్లవి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ప్రతి రేటింగ్‌కూ పని ఆధారం అడగాలి.

ఇంటి నుంచి పని చేస్తే పని తగ్గుతుందన్న భయం ఉన్న మేనేజర్లకు ఒక ప్రయోగం చెప్పవచ్చు. చైనాలో ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మందితో చేసిన పరిశీలన 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. నికోలస్ బ్లూమ్ బృందం చేసిన పని అది. పుట్టినరోజు బేసి తేదీయా, సరి తేదీయా అన్నదాన్ని బట్టి రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి పని ఇచ్చారు. ఉద్యోగం వదిలేవాళ్లు మూడోవంతు తగ్గారు, పనితీరు రేటింగుల్లో తేడా కనిపించలేదు. గుర్తుపెట్టుకోండి, ఇంటి నుంచి పని దొరికిన గుంపు కూడా మూడు రోజులు ఆఫీసుకు వచ్చింది. పూర్తిగా ఇంటి నుంచి పనికి ఇది రుజువు కాదు.

ఫ్రెషర్లకు మొదటి మూడు నెలలు వారానికి నాలుగు రోజులు ఆఫీసు, అందులో కనీసం రెండు రోజులు నేర్పే సీనియర్ పక్క సీట్లో ఉండాలి. సీనియర్ ఇంట్లో కూర్చుని ఫ్రెషర్‌ను మాత్రం ఆఫీసుకు పిలవడం అన్యాయం.

## 8. చట్టం, భద్రత: వదిలేయకూడనివి

- ఎస్‌ఈజెడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో ఉన్న ఆఫీసు: 2022లో చేర్చిన 43ఏ నియమం కింద ఇంటి నుంచి పనికి వీలు కల్పించారు. షరతులు తర్వాత మారాయి. తాజా ఉత్తర్వు డెవలప్‌మెంట్ కమిషనర్ ఆఫీసులో చూసుకుని, లాప్‌టాప్‌లు బయటికి వెళ్లే లెక్క రాసిపెట్టండి.
- ప్రసూతి సెలవు తర్వాత: పని స్వభావం అనుమతిస్తే యజమానితో ఒప్పందం మీద ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటును 2017 సవరణ చట్టంలో చేర్చారు. అడిగేదాకా ఆగకుండా హెచ్ఆర్ ముందే చెప్పాలి.
- లైంగిక వేధింపులు: పది మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న చోట 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. వీడియో కాల్‌లో, చాట్‌లో జరిగినదాన్నీ కమిటీ తీసుకుంటుందని విధానంలో స్పష్టంగా రాయండి.
- డేటా: ఇంట్లో ఎవరికీ ఆఫీస్ లాప్‌టాప్ ఇవ్వకూడదు, పిల్లల హోంవర్క్ ప్రింట్‌కు కూడా. డిస్క్ ఎన్‌క్రిప్షన్, రెండంచెల లాగిన్ తప్పనిసరి.

కీబోర్డు కొట్టడం లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ కొనకండి. అలాంటి నిఘాను ఏమార్చడానికి మౌస్ కదిపే పరికరాలు బజారులో దొరుకుతున్నాయి.

## 9. తరచూ వచ్చే తప్పులు, వాటి మందు

ఉమ్మడి రోజున కూడా అందరూ హెడ్‌సెట్లలోనే ఉన్నారు. ఆ రోజు స్టేటస్ కాల్స్ తీసేయండి. 11 నుంచి 1 వరకు క్యాలెండర్ మూసి, కలిసి చేసే పని ముందే పేరుతో సహా రాయండి.

పొద్దున వచ్చి స్వైప్ చేసి, టీ తాగి వెళ్లిపోతున్నారు. గంటల లెక్క బిగించే ముందు ఆ రోజుకు పని ఉందా అని చూడండి. ఉంటే ఉంటారు.

హాట్ డెస్క్‌ల (ఎవరికీ సొంత సీటు లేని పద్ధతి) వల్ల టీమ్ చెల్లాచెదురైంది. సీట్లు మనిషికి కాదు, టీమ్‌కు వరుసగా కేటాయించండి. మానిటర్, చార్జర్ ప్రతి సీటుకూ ఉండాలి. లేకపోతే పొద్దున అరగంట వెతుకులాటే.

రాత్రి పదకొండుకూ మెసేజ్‌లు. షెడ్యూల్ సెండ్ (మెసేజ్ మర్నాడు వెళ్లేలా పెట్టడం) వాడమని మేనేజర్లకు చెప్పండి. ఈ అలవాటు పైనుంచి కిందికే దిగుతుంది.

ఇద్దరికి ప్రత్యేక మినహాయింపు, మిగతావాళ్లకు కోపం. మినహాయింపు దొరికే పరిస్థితులు ముందే రాసి అందరికీ చూపండి: చంటిబిడ్డ, ఇంట్లో రోగి, దూరపు ఊరు. పేర్లు రాయకండి.

వానాకాలం. భారీ వర్షం హెచ్చరిక ఉన్న రోజు ఉమ్మడి రోజైనా రద్దు. ఎవరు చెప్పాలి, ఎన్నింటికి చెప్పాలి అన్నది ఒప్పందంలో ఉండాలి. ఉదయం 7 మంచి గడువు. తొమ్మిదిన్నరకు వచ్చే మెసేజ్ నీళ్లలో ఆగిపోయిన బైక్ మీద చదువుకోవాల్సి వస్తుంది.

## 10. మొదటి పన్నెండు వారాలు

- 1, 2 వారాలు: పని లెక్క.
- 3వ వారం: ఉమ్మడి రోజులు, సీట్ల పట్టిక, ఒక్క పేజీ ఒప్పందం.
- 4వ వారం: ఇంటి ఏర్పాటు తనిఖీ. మీటింగ్ గదిలో ఆడియో పరీక్ష.
- 5 నుంచి 10 వారాలు: నడపండి. నియమాలు మార్చకండి. మధ్యలో కదిలిస్తే ఏది పనిచేసిందో తెలియదు.
- 11వ వారం: పేరు లేకుండా నాలుగు ప్రశ్నలు అడగండి. గత నెల ఆఫీసుకు వచ్చిన రోజుల్లో ఎన్ని ఉపయోగపడ్డాయి? ఎవరి జవాబు కోసం ఎక్కువసేపు ఆగారు? రాత్రి 8 తర్వాత ఎన్నిసార్లు పని చేశారు? ఒక్క నియమం మార్చగలిగితే ఏది మారుస్తారు?
- 12వ వారం: పనుల గడువులు, లోపాల సంఖ్య, సెలవులు, రాజీనామాలు ముందు మూడు నెలలతో పోల్చండి. ఒప్పందంలో ఒకటో రెండో నియమాలు మార్చి, కొత్త తేదీ వేసి, పాత పేజీ పక్కనే దాచండి.

మొదటి ప్రశ్నకు సగం మంది ‘సగం రోజులే’ అంటే రోజులు పెంచకండి, తగ్గించకండి. మళ్లీ ఒకటో మెట్టుకు వెళ్లి ఆ రోజుల్లో ఏ పని పెట్టారో చూడండి.